మడమ మీద సామలు

కిల్లో ధర్మ జపాను వెళ్ళాలా, మానాలా అన్నది చివరికి ఒక కోడిపెట్ట దగ్గర తేలింది. అంతకుముందు పాస్‌పోర్టు వచ్చింది, పోలీసు కాగితం వచ్చింది, ఛాతీకి ఎక్స్‌రే తీశారు, పళ్ళు లెక్కపెట్టారు, ఎనిమిది నెలలు కూర్చోబెట్టి పరాయి భాష నేర్పి పరీక్ష పెట్టారు. ఇంతమంది ఆఫీసర్లూ డాక్టర్లూ తేల్చలేని సంగతిని కిలో బరువు తూగని పెట్ట వచ్చి తేల్చిందంటే ఎవరికైనా నవ్వు వస్తుంది. తోటగెడ్డలో మాత్రం ఆ పూట ఎవరూ నవ్వలేదు.

తోటగెడ్డ అంటే బొర్రా రైలు లైనుకి పైన, జీపు దిగి గంటసేపు ఎక్కితే వచ్చే ముప్పై రెండు ఇళ్ళ ఊరు. రైలు సొరంగంలో దూరేటప్పుడు కూత వినిపిస్తుంది, రైలు కనిపించదు. ధర్మకి ఇరవై ఆరేళ్ళు. సిల్వర్ ఓక్ చెట్ల నీడలో ఎకరంన్నర కాఫీ, ఆ చెట్లకే పాకించిన మిరియం తీగలు, పై వాలులో కాస్త సామ చేను, సోని అనే పెళ్ళాం, రమణి అనే మూడేళ్ళ కూతురు, సోని పుట్టింటి నుంచి తెచ్చుకున్న ఒక ఎర్రపెట్ట. ఆస్తి ఇంతే. పోనీ ఇదైనా నిలకడగా ఉందా అంటే, నిరుడు కాఫీ పండుకి బొక్క పెట్టే పురుగొకటి కొత్తగా కొండెక్కింది. ఆఫీసు వాళ్ళొచ్చి, పురుగు పట్టిన పండంతా కోసి, మరిగే నీళ్ళలో ఉడికించి, గొయ్యి తీసి పూడ్చమన్నారు. ధర్మ తన పంటను తానే కోసి, తానే వండి, తానే పాతిపెట్టాడు. మనిషి పోతే నలుగురొచ్చి ఏడుస్తారు. దీనికి ఆ ముచ్చట కూడా లేదు. ఆ సాయంత్రం గొయ్యి గట్టు మీద కూర్చుని, ఇంక ఎక్కడికైనా పోవాలి అనుకున్నాడు.

ఎక్కడికైనా అంటే అతని ఉద్దేశంలో మహా అయితే విశాఖపట్నం. అరకు సంతలో లక్ష్మీప్రసాద్ తగలకపోయుంటే అక్కడే ఏ అపార్ట్‌మెంటు గేటు దగ్గరో నిలబడి ఉండేవాడు. లక్ష్మీప్రసాద్‌ది పార్వతీపురం. పల్లెటూరి కుర్రాళ్ళకి భాష నేర్పించి, విదేశాల్లో వ్యవసాయం పనులకి పంపించే సెంటరులో ఉద్యోగం. తెల్ల చొక్కా, మెడలో కార్డు, చేతిలో కరపత్రాలు. కరపత్రం నిండా స్ట్రాబెర్రీ పండ్లు, ఒక్కొక్కటి గుమ్మడికాయంత. “తమ్ముడూ, నీకు వ్యవసాయం వచ్చా?” అని అడిగాడు. ఇస్త్రీ చొక్కా వేసుకున్న మనిషి ఆ ప్రశ్న గౌరవంగా అడగడం ధర్మ వినడం అదే మొదలు. అక్కడికక్కడే పేరు రాయించేశాడు.

విశాఖ హాస్టల్లో ఎనిమిది నెలలు ఉండి, దసరా వెళ్ళాక తిరిగొచ్చిన ధర్మ వెనకటి ధర్మలా లేడు. ఎవరు ఎదురైనా నడుం దాకా వంగుతున్నాడు. మామూలు మనిషికి ఇంత, పెద్దవాళ్ళకి ఇంత, యజమానికి ఇంత అని అక్కడి పంతులమ్మ కొలిచి మరీ వంచిందట. పొద్దున్నే ఎదురింటి అచ్చియమ్మకి వంగాడు. వీడు ఏదో పారేసుకున్నాడు కాబోలని ఆవిడ తనూ వంగి వాకిలంతా వెతికిపెట్టింది. సోని చెంబుతో నీళ్ళందిస్తే దానికీ వంగాడు.

“నడుం పట్టీసిందేటి బావా?” అంది సోని.

అన్నం దగ్గర కూర్చున్నాక అసలు సంగతి చెప్పాడు. “వొచ్చే నెల్లో పయానం. మూడేళ్ళు. ఊరు ఒప్పుకుంటే ఎల్తాను.”

“సరే. ఉప్పు అయిపోనాది,” అంది సోని.

ఆ రెండు ముక్కల మధ్య ఏముందో ధర్మ వెతకలేదు. లేచి వెళ్ళి ఉప్పు తెచ్చాడు.

ఊరు ఒప్పుకుంటే అని అతను ఊరికే అనలేదు. తోటగెడ్డలో కాఫీ పండు ఏ ఇంటివాళ్ళూ ఒంటరిగా కోయలేరు. పండు ఒకేసారి ఎరుపెక్కుతుంది, ఆగితే రాలిపోతుంది. అందుకని ఊరంతా కలిసి వంతు ప్రకారం ఈరోజు ఒకరి తోటలో, రేపు మరొకరి తోటలో దిగుతారు. ధర్మ లేకపోయినా ఊరు దిగితే సోనికి దిగుల్లేదు. ఊరు దిగకపోతే చంకలో పిల్లతో ఆమె ఒక్కతే ఎకరంన్నర కోయాలి. ఊరు దిగాలంటే దిసారి తలూపాలి. దిసారి అంటే ఆ కొండల్లో రోజూ వారం చూసి మంచీ చెడూ చెప్పే పెద్ద. తోటగెడ్డ దిసారి గాసి తాత. డెబ్భై దాటాయి. కుడి చెవి వినపడదు. సలహాకి వచ్చినవాళ్ళని ఎప్పుడూ కుడివైపే కూర్చోబెట్టుకుంటాడు.

“ఎల్లు, కాదన్ను. గానీ ఆ నేలని అడిగినావేటి?” అన్నాడు గాసి.

“ఏ నేలని తాతా?”

“నువ్వు ఏ నేల మీద పని సేత్తావో ఆ నేలని. ఇల్లు కట్టినా, సేను కొట్టినా, అడక్కుండా మనం ఎప్పుడన్నా గునపం దించినామేటి?”

నిజమే, దించలేదు. కొత్త చోటు కనబడితే శుభ్రంగా ఊడ్చి, ఏడు గింజలు పెట్టి, మీద విస్తళ్ళు కుట్టే అడ్డాకు కప్పి, ఆకు మీద రాయి పెట్టి వస్తారు. పొద్దున్నే ఆకు ఎత్తి చూస్తారు. గింజలు పెట్టినచోటే ఉంటే నేల సరేనన్నట్టు. ఒక్కటి కదిలినా వద్దన్నట్టు. తోటగెడ్డ బడి మూడుసార్లు చోటు మారింది ఇందుకే. బడి కట్టిన ఇంజినీరు మాత్రం పునాదికి పోసిన ముగ్గులు చెరిపేసింది మేకలని ఇప్పటికీ నమ్ముతున్నాడు. నేలని అడక్కుండా పోయినవాడి తోటలో కాలు పెడితే ఆ కీడు తమకీ చుట్టుకుంటుందని ఊరికి భయం. అందుకే గాసి మాట లేనిదే ధర్మ తోటలో ఒక్క పండు కూడా బుట్టలో పడదు.

“మట్టి తెప్పించు. సూసి సెప్తాను,” అన్నాడు గాసి.

ఆ మాటకి ధర్మకి కోపం రావాలి. ఎనిమిది నెలల చదువు, ఇన్ని కాగితాలు, ఇప్పుడు ఏడు గింజల దగ్గర ఆగిపోవడం ఏమిటని తిరగబడాలి. అదేమీ లేదు సరికదా, మోస్తున్న కావిడి ఎవరో అందుకున్నట్టు తేలికపడ్డాడు. ఎవరైనా “ఎల్తన్నావేటి?” అని అడిగితే మొన్నటిదాకా “పరీక్ష పాసవాల గదా” అనేవాడు. తర్వాత “డాక్టరేటంటాడో” అన్నాడు. ఇప్పుడు అనడానికి నేల దొరికింది.

లక్ష్మీప్రసాద్ ఈ కోరికని ఫోన్లో రెండుసార్లు చెప్పించుకుని విన్నాడు. “తమ్ముడూ, పదకొండేళ్ళ సర్వీసు నాది. జీతమెంతని అడిగినవాళ్ళని చూశాను, చలెంతని అడిగినవాళ్ళని చూశాను, పచ్చి చేప తినకపోతే కొడతారా అన్నవాణ్ణి కూడా చూశాను. మట్టి పంపమన్నవాణ్ణి నిన్నే చూస్తన్నాను,” అన్నాడు. కానీ మంచివాడు, అడిగి చూశాడు. తోట యజమాని తానే మాట్లాడతానన్నాడని రెండు రోజులకి కబురు వచ్చింది.

ఊళ్ళో సిగ్నలు అందేది ఒక్కచోటే, బడి వెనక బండ మీద. ఆ బడిలో పంతులు బర్నబా మాస్టారు. మిషను చర్చి మనిషి. “మాకైతే మోకాళ్ళేసి ప్రార్థన చేసుకుని విమానం ఎక్కేయడమే. పార్శిళ్ళు అక్కర్లేదు,” అని దిసారిని ఆటపట్టించాడు గానీ, ఆరోజు ఫోన్ పట్టుకుని అందరికంటే ముందు బండెక్కింది ఆయనే.

ఫోన్లో తోట యజమాని మొరిత గారు కనిపించాడు. అరవై దాటిన రైతు, తలకి తువ్వాలు, ఎండకి కమిలిన మొహం. ధర్మ వచ్చినంత వరకు భాషతో, రానిచోట చేతులతో, నేలని అడిగే పద్ధతి చెప్పాడు. మొరిత గారు నవ్వుతాడని లక్ష్మీప్రసాద్ ముందే హెచ్చరించాడు. ఆయన నవ్వలేదు. తలకున్న తువ్వాలు తీసేసి, ఫోన్లోంచి మాయమయ్యేటంత కిందికి వంగాడు. అది చూసి ధర్మా వంగాడు. ఫోన్ పట్టుకున్న మాస్టారు కూడా వంగాడు. అటు పైకప్పు, ఇటు బండ తప్ప కాసేపు ఎవరికీ ఎవరూ కనబడలేదు.

లేచాక ధర్మ ఊరివైపు తిరిగి చెప్పాడు. “ఆళ్ళ కాడ కూడా ఇల్లు కట్టీ ముందు నేలని అడుగుతారంట. మనం అడగడం ఆయనకి శానా గౌరవమంట. గానీ సెప్పడానికి సిగ్గేస్తన్నాదంట.”

“సిగ్గెందుకు?” అన్నాడు గాసి.

“ఆయన తోటలో నేల నేదంట.”

మొరిత గారు ఫోన్ తిప్పి చూపించాడు. పొడుగాటి ప్లాస్టిక్కు గది. అందులో నడుమెత్తున ఇనుప అరలు, అరల మీద వరసగా స్ట్రాబెర్రీ మొక్కలు, అంచుల మీంచి వేలాడుతున్న పండ్లు. కింద గది ఈ చివర నుంచి ఆ చివర దాకా తెల్ల పట్టా పరిచి ఉంది. పెళ్ళిపందిట్లో కూడా అంత శుభ్రం ఉండదు.

“మొక్కల్ని అటకెక్కించినారెందుకు?” అన్నాడు గాసి.

“ఒంగి కోస్తే పనోళ్ళకి నడుం నొప్పని.”

“మరి నీకు ఎనిమిది నెల్లు ఒంగడమే నేర్పినారు కదరా!”

“నేల విడిచి సాము అంటే వినడమేగానీ, నేల విడిచి సేద్యం చూడ్డం ఇదే,” అని మాస్టారు ముక్కు మీద వేలేసుకున్నాడు. మొరిత గారు మాత్రం మళ్ళీ వంగి, మట్టి లేదు గనక తన మొక్కలు ఏ దినుసులో నిలబడ్డాయో అది పంపిస్తానని మాటిచ్చాడు.

పన్నెండో రోజున పార్శిలు అరకు పోస్టాఫీసుకి వచ్చింది. ధర్మ దాన్ని చంకన పెట్టుకుని కొండెక్కాడు. గాసి వాకిట్లో ఊరంతా చేరింది. విప్పితే లోపల ఇటుకంత దిమ్మ, గోధుమరంగు, ఎండి గట్టిగా ఉంది. నీళ్ళు పోసి మెత్తబరచమని మొరిత గారు బొమ్మ గీసి పంపాడు. తప్పేలాలో పెట్టి చెంబుడు నీళ్ళు పోశారు. చిటికెలో నీళ్ళు పీల్చేసి దిమ్మ పొంగింది. ఇంకో చెంబు పోశారు. తప్పేలా నిండి పొర్లింది. పెద్ద డేగిసాలోకి మార్చారు, అదీ నిండింది. ముందు వరసలో కూర్చున్నవాళ్ళు లేచి వెనక్కి జరిగారు. అచ్చియమ్మ పిల్లల్ని ఇళ్ళలోకి పొమ్మని కేకలేసింది. గాసి ఒక్కడే కదలకుండా, “దాహం తీరినాక అదే ఆగుతాది,” అన్నాడు. మూడో చెంబు దగ్గర ఆగింది.

అప్పుడు సోని ముందుకొచ్చి ఇంత తీసి నలిపి వాసన చూసింది. “ఇది కొబ్బరి పీసు కాదేటి?”

మాస్టారు కళ్ళజోడు సవరించుకుని పార్శిలు మీద పేరు వెతికాడు. జపాను అక్షరాల మధ్య ఒక మూల ఇంగ్లీషులో చీమతలకాయంత ముక్కలున్నాయి. అవి చదివి, మళ్ళీ చదివి, కాగితం ధర్మకిచ్చి, “ఇండియాలో తయారైందని రాశార్రా,” అన్నాడు.

గాసి డేగిసా వంక చూశాడు. “అంటే, మన కొబ్బరి పీసు సముద్రం దాటి ఆడకెల్లింది. దాని మీద ఆళ్ళు మొక్కలెట్టినారు. ఆ మొక్కల్ని సూడ్డానికి ఇప్పుడు మన గుంటడు ఎల్లాల. ఇద్దరూ ఇక్కడే ఉండిపోతే సరిపోయీది కదరా,” అన్నాడు. మాస్టారు ఏదో ఎగుమతి, దిగుమతి అని మొదలుపెట్టి, తనకే నమ్మకం కుదరక మధ్యలో మానేశాడు.

“దీన్ని అడగడానికి నేదు,” అని గాసి తీర్పు చెప్పాడు. “ఇది నేల కాదు. దీనికి దేవత నేదు. గింజలెడితే ఎవులొచ్చి కదుపుతారు?”

“దేవతే నేకపోతే, వొద్దనీవోళ్ళు కూడా నేనట్టే కదా తాతా. మరి ఎల్లొచ్చా?” అన్నాడు ధర్మ.

“వొద్దనీవోళ్ళు నేరు సరే. జొరమొస్తే సూసీవోళ్ళేరీ?”

ఊరు ఈ మాట దగ్గర రెండు రోజులు తిరిగింది. చివరికి దారి గాసే చెప్పాడు. అక్కడ దేవత లేకపోతే ఇక్కడి నుంచి తీసుకుపోవాలి. ధర్మ తన తోటలో పిడికెడు మన్ను మూట కట్టుకుని పోతే ఊరి దేవత నిసాని అతనితో వెళ్తుంది. అందరూ హమ్మయ్య అనుకున్నారు. సరిగ్గా అదేరోజు సంతకం పెట్టించుకోవడానికి లక్ష్మీప్రసాద్ కొండెక్కి వచ్చాడు. మెడలో కార్డు చెమటకి తడిసి చొక్కాకి అంటుకుంది. మన్ను మాట వినగానే కూర్చున్న పీట మీంచి లేచిపోయాడు.

“మట్టా! ఆ దేశంలోకి మట్టి పోనివ్వరండీ బాబూ! పిడికెడు కాదు, బూటు అడుగున రేణువున్నా ఎయిర్‌పోర్టులో నిలబెట్టి కడిగిస్తారు. మట్టిలో పురుగులు, తెగుళ్ళు పోతాయని ఆళ్ళ భయం. నా మాట వినండి, రేపు సాయంత్రంలోగా సంతకం పడకపోతే ఇతని చోటు ఇంకొకడికి పోతుంది.”

నేల లేని దేశం, నేలని తెచ్చుకోనివ్వని దేశం. గాసి ఇంత నిక్కచ్చి మనుషుల్ని ఎరగడు. తల గోక్కుంటూ కింద చూపు పెట్టిన ముసలాయనకి ఎదురుగా గొంతుకూచున్న ధర్మ పాదం కనబడింది. మడమ చుట్టూ బీటలు. ఇరవై ఏళ్ళ కొండ మన్ను ఆ బీటల్లోకి దిగి నల్లగా గడ్డకట్టింది. హాస్టల్లో ఎనిమిది నెలలు సబ్బు రాసినా అది కదల్లేదు.

“బాబూ, ఇది కూడా గోకీసి తీసేత్తారేటి?” అని లక్ష్మీప్రసాద్‌ని అడిగాడు గాసి.

లక్ష్మీప్రసాద్ సంచిలోంచి రూల్సు కాగితాలు తీసి, రెండువైపులా తిప్పి చదివాడు. మనిషి నిజాయితీపరుడు. “చెప్పులూ బూట్లూ పనిముట్లూ అని ఉందండి. పాదాల గురించి ఏమీ రాయలేదు,” అన్నాడు.

“అయితే మన్ను ఈ మడమలో ఎల్తాది. ఎల్లడానికి దానికి ఇష్టమో కాదో అడుగుదాం.”

నేలనైతే రాత్రి అడుగుతారు. మడమ మనిషిది, నిద్దట్లో ఎవడైనా కాలు కదుపుతాడు, అది దేవత మాట కిందికి రాదు. అందుకని పొద్దు పొడిచినప్పటి నుంచి నీడ కాలి కిందికి వచ్చేదాకా అని గాసి గడువు పెట్టాడు. మర్నాడు పొద్దున్నే ధర్మ ఇంటి వాకిట్లో చాప వేశారు. ధర్మ బోర్లా పడుకున్నాడు. కుడి కాలు పీట మీద, మడమ ఆకాశానికి. గాసి మడమ తడిపి ఏడు సామగింజలు పెట్టి, మీద అడ్డాకు కప్పాడు. “ఎవులూ ముట్టకూడదు. గాలికి పోనా, సీమ ఎత్తుకుపోనా అది తల్లి మాటే,” అన్నాడు. ఊరు చుట్టూ కూర్చుంది. లక్ష్మీప్రసాద్ గొడుగు వేసుకుని, ఒళ్ళో కాగితాలు పెట్టుకుని, అభ్యర్థి మడమ వంక రెప్ప వేయకుండా చూస్తూ కూర్చున్నాడు. పదకొండేళ్ళ సర్వీసులో ఇలాంటి ఇంటర్వ్యూ ఆయనా చూసి ఉండడు.

మొదటి గంట బాగానే గడిచింది. రెండో గంటకి పిక్క లాగింది. ఈగ వాలింది. ముక్కు దురద పుట్టింది, ముక్కు గోక్కుంటే మడమ అదురుతుందేమోనని ఊరుకున్నాడు. చాప ఈనెలు బుగ్గకి గుచ్చుకుంటుంటే ధర్మకి ఒక సంగతి మెల్లగా బోధపడింది. ఇప్పుడు కాలు ఇంచీ కదిపితే చాలు. గింజలు పడిపోతాయి, సంతకం ఉండదు, అక్కడి నుంచి ఫోన్లో రమణికి చెప్పాల్సిన ‘ఇంకో నెల, ఇంకో నెల’ ఉండదు. ‘ఏటి సేత్తాం, తల్లి వొద్దన్నాది’ అని జీవితాంతం చెప్పుకోవచ్చు. కదపకపోతే వెళ్ళాలి. అంటే నేల మాట, దేవత మాట అని ఇన్నాళ్ళూ తిరిగి తిరిగి, సంగతి తన మడమ దగ్గరికే వచ్చింది. కాలు కదపలేదు, కదపకూడదని గట్టిగా అనుకోనూ లేదు.

ఎండ ముదిరేసరికి అడ్డాకు ఎండి ముడుచుకుని జారిపడింది. తడి ఆరిన మడమ మీద గింజలు బయటపడ్డాయి. చూరు కింద తిరుగుతున్న ఎర్రపెట్ట మెడ సాచి ఆ గింజల్ని చూసింది.

పెట్ట తొందరపడలేదు. రెండడుగులు వేసింది, ఆగింది, లక్ష్మీప్రసాద్ బూటుని పొడిచి చూసింది, మళ్ళీ నడిచింది. లక్ష్మీప్రసాద్ గొడుగు ముడిచి లేవబోయాడు. గాసి చెయ్యి అడ్డం పెట్టాడు. “అది ఆ ఇంటి పెట్ట బాబూ. అదిలిత్తే ఆ ఇంటోళ్ళే అదిలించాల. ఇంటి మాటలో బయటోళ్ళు సెయ్యెట్టకూడదు.”

అందరూ సోని వంక చూశారు. సోని గుమ్మంలో చీపురుతో నిలబడి ఉంది. కదల్లేదు.

పెట్ట పీట పక్కకి వచ్చింది. ధర్మ మెడ తిప్పి దాన్ని చూశాడు. చూసి, సిగ్గు లేకుండా చెప్పాలంటే, సంతోషపడ్డాడు. పోనీ, ఇదే తేల్చేస్తుంది అనుకున్నాడు. సెంటరు, డాక్టరు, దిసారి, జపాను రైతు, కొబ్బరి పీచు, అందరూ అయి ఆ మగమహారాజు చివరికి కోడి దాకా దిగాడు. ఆ సంతోషం అతని మొహంలో సోనికి కనబడింది. కాపురం చేస్తున్న మనిషికి కనబడకుండా ఎలా ఉంటుంది?

“బావా,” అంది. గొంతు పెద్దది చేయలేదు గానీ వాకిలంతా వినబడింది, గాసి కుడి చెవికి కూడా. “సెంటరోళ్ళనడిగినావు. తాతనడిగినావు. సముద్రం అవతల ముసలాయన్నడిగినావు. ఇప్పుడు నా పెట్టని అడుగుతున్నావు. నన్నెప్పుడడుగుతావు?”

నిజంగానే ఆమెను ఎవరూ అడగలేదు. తోట కోసేది ఆమె, పిల్లను పెంచేది ఆమె, మూడేళ్ళూ ఈ గుమ్మంలో ఉండేది ఆమె. ముప్పై రెండు ఇళ్ళ ఊరు కొబ్బరి పీచు మనసు తెలుసుకోవడానికి రెండు వారాలు ఎదురుచూసింది గానీ, సోనిని పిలిచి నీ మాటేమిటని అనలేదు. గాసి తల దించుకున్నాడు. పెట్ట ఒక కాలు పీట మీద పెట్టింది.

“సోనీ,” అన్నాడు ధర్మ, బుగ్గ చాపకి ఆనించే. “ఎల్లమంటావా? ఉండమంటావా?”

అడిగిన క్షణంలో తెలిసింది అతనికి, ఆమె ఉండమంటుందని తను ఎంత నమ్మకంగా ఉన్నాడో. ఇన్నాళ్ళూ ఎవరో ఒకరు వద్దంటారని వరసగా గుమ్మాలెక్కి దిగాడు. అనవలసిన మనిషి ఇంట్లోనే ఉంది. ఒక్కమాట అంటే చాలు, లేచి కాళ్ళు కడుక్కుని తోటలోకి పోతాడు.

సోని చీపురు గోడకి ఆనించి వచ్చింది. మడమ మీదికి మెడ సాచిన పెట్టని రెండు చేతులా ఎత్తుకుని, అతని తల దగ్గర చతికిలబడింది.

“ఎల్లు,” అంది. “నాకు బయ్యంగానే ఉంది. పిల్ల నిన్నడిగితే ఏడుత్తాను. కాఫీ కోతల్లో రోజూ నిన్ను తిట్టుకుంటాను. అయినా ఎల్లు. నాను ఉండమంటే నువ్వు ఉండిపోతావు, అది నాకెరికే. ఉండిపోయి, ఆ పురుగు మళ్ళీ వొచ్చిన పెతిసారీ నా మొకం సూస్తావు. ఆ సూపు నాను పడలేను బావా. ఎల్లి, బేగి రా.”

వాకిట్లో అచ్చియమ్మ పైటతో కళ్ళొత్తుకుంది. ధర్మ మొహం చాపలో దాచుకున్నాడు. భుజాలు అదురుతున్నాయి గానీ కుడి కాలు మాత్రం కదల్లేదు. ఈసారి కదపకూడదని గట్టిగా అనుకుని ఉంచాడు. అలాగే ఉండగా నీడ కాలి కిందికి వచ్చింది.

గాసి వంగి లెక్కపెట్టాడు. ఆరు. మళ్ళీ లెక్కపెట్టాడు. ఆరే. లక్ష్మీప్రసాద్ చేతిలో పెన్ను కిందపడింది. గాసి మడమని ముక్కుకి ఆనేటంత దగ్గరికి తెచ్చుకుని, పెద్ద బీట ఒకటి వేలితో విప్పి చూశాడు. ఏడోది అందులోకి జారి, మన్నులో కూరుకుపోయింది.

“ఇది ఎక్కడికీ పోనేదు. ఇంటిలోకి ఎల్లింది,” అన్నాడు. “తల్లి ఒప్పుకుంది. కోతలకి ఈడి తోటలో మొదటి బుట్ట నాదే.” కోతలకి దిగి ఆయనకి పదేళ్ళయింది. అడగవలసిన మనిషిని అడగనందుకు అది ఆయన తనకి తాను వేసుకున్న జరిమానా అని ఊరు అర్థం చేసుకుంది. కింద జీపువాడు హారను కొడుతున్నాడని లక్ష్మీప్రసాద్ కాగితాలు చాప మీదే పరిచాడు. ధర్మ బోర్లా పడుకునే సంతకం పెట్టాడు. అక్షరాలు కొండ దిగుతున్నట్టు వచ్చాయి, చెల్లుతుందని లక్ష్మీప్రసాద్ చెప్పాడు.

బయల్దేరే రోజు పొద్దున్న సోని అతని కాళ్ళు కడిగింది. అడుసు తొక్కనేల, కాలు కడగనేల అంటారు. తొక్కడానికి అడుసే లేని చోటికి పోతున్నవాడికి ఇంత కడుగుడు అవసరమా అని అచ్చియమ్మ గొణిగింది. ఎవరి రూల్సు వాళ్ళవి. ఆ డేగిసాలో మిగిలిన కొబ్బరి పీచులోంచి పోగులు ఏరి, ఉండ చుట్టి, దాంతోనే సోని వేళ్ళ సందులూ అరికాళ్ళూ తోమింది. ఇక్కడి పీచు అక్కడికి పోయి, అక్కడి నుంచి వెనక్కొచ్చి, మళ్ళీ అక్కడికి పోయేవాడి కాళ్ళు తోముతోంది. ఇద్దరికీ ఆ మాట ఒకేసారి తట్టి, చాలా రోజులకి కలిసి నవ్వుకున్నారు.

కుడి మడమలో ఏడో గింజ కూరుకున్న ఆ పెద్ద బీట దగ్గరికి రాగానే సోని చెయ్యి ఆగింది. దాన్ని తోమలేదు. చుట్టూ తుడిచి వదిలేసింది.

“సూదెట్టి తీసీవే,” అన్నాడు ధర్మ. “బూటేసుకుని నడిస్తే గుచ్చుకుంటాది.”

“గుచ్చుకోనీ,” అంది సోని. మేజోడు తీసి తనే అతని కాలికి తొడిగింది.